అరలో పెట్టకండి

"దాన్ని ఎందుకు పీకారు?"

కిటికీ బయట మట్టిలో మోకాళ్ళ మీద కూర్చున్న మనిషి తల ఎత్తాడు. చేతిలో ఒక తీగ ఉంది. వేళ్ళతో సహా వచ్చింది. మట్టి ఇంకా రాలుతోంది.

"కలుపు కదా మేడమ్."

"కలుపని నాకూ తెలుసు."

"తెలిసే పెంచుతున్నారా?"

లైబ్రేరియన్ కిటికీ ఊచ పట్టుకుంది. పెంచడం అంటే పెద్ద మాట. సాయంత్రం ఇంటికి పోయేముందు సీసాలో మిగిలిన నీళ్ళు పారబోయడానికి వరండా దాకా నడిచే ఓపిక లేక కిటికీలోంచి పోసేది. ఆ నీళ్ళకే అది ఎదిగింది. ఊచల దాకా పాకింది. ఆ భవనంలో ఆమె వైపు ఒక అడుగు ముందుకు వేసింది అదొక్కటే.

"తోట పని మాకిచ్చారు. కలుపు తీయమన్నారు, తీశాను. దీని జోలికి రావద్దని ఒక బోర్డు పెట్టుంటే వచ్చేవాణ్ణి కాదు."

"పీకేశాక ఇప్పుడెందుకు ఆ మాట?"

"అదీ నిజమే," అని అతను తీగను గంపలో వేశాడు.

అంత తొందరగా ఒప్పుకునే మనిషితో పోట్లాట సాగదు. ఆమె కిటికీ రెక్క మూసింది. కాస్త గట్టిగానే మూసింది.

అటెండరు బాబాయి కుర్చీలోంచి అంతా విన్నాడు. ఆయన ఆమెకి సొంత బాబాయి కాదు. ఎప్పటినుంచో అక్కడ ఉన్నాడు కాబట్టి అందరికీ బాబాయే. మోకాళ్ళు అరిగిపోయాయి. ఇప్పుడు ఉద్యోగమంతా కూర్చునే చేస్తున్నాడు.

"కొత్త తోట కాంట్రాక్టరమ్మా. గునపం."

"గునపం ఏంటి బాబాయ్?"

"ఆ పొడుగు చూశావా, ఆ బిగుసుకుపోవడం చూశావా? పేరు నేనే పెట్టాను. సాయంత్రానికి అందరి నోటా అదే ఉంటుంది."

ఉంది కూడా.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం వాన పట్టుకుంది. గునపం గుమ్మంలో నిలబడ్డాడు. భుజాలు తడిసిపోయాయి.

"లోపల కూర్చోవచ్చా?"

"చదువుకునేవాళ్ళు కూర్చోవచ్చు."

"అయితే చదువుకుంటాను."

"బూట్లు బయట."

అతను బూట్లు విప్పి, హాలు చివర డిటెక్టివ్ నవలల అరల వెనక ఉన్న బల్ల దగ్గరికి వెళ్ళాడు. ఆమె కుర్చీలోంచి చూస్తే అరల కింది సందులో అతని పాదాలు మాత్రమే కనిపించేవి. ఒక మేజోడుకి బొటనవేలి దగ్గర చిల్లు ఉంది. ఆ చిల్లు చూసినందుకు ఆమెకి తన మీదే చిరాకు కలిగింది.

వాన తగ్గింది. మర్నాడు ఎండ కాసింది. అతను మాత్రం భోజనం వేళకి వచ్చాడు. ఆ తర్వాత రోజూ వచ్చాడు. డబ్బా బయట మెట్ల మీద తినేసి, చేతులు కడుక్కుని, బూట్లు విప్పి, ఆ చివరి బల్ల దగ్గర కాసేపు కూర్చుని వెళ్ళేవాడు. ఏ పుస్తకం చదువుతున్నాడో ఆమె ఎప్పుడూ చూడలేదు. చదివేవాడి పుస్తకంలోకి తొంగి చూడటం, తినేవాడి కంచంలోకి తొంగి చూడటం ఆమె లెక్కలో ఒకటే.

వెళ్తూ వెళ్తూ ఒక మాట పారేసి వెళ్ళేవాడు.

"నన్ను గునపం అంటున్నారట."

"నేను అనలేదు."

"అనండి, పరవాలేదు. తట్ట అని పెట్టలేదు, సంతోషం."

ఇంకో రోజు, "హత్య జరిగి నెలైంది. ఇంకా ఎవర్నీ పట్టుకోలేదు. ఈ పోలీసులకి జీతాలు ఎందుకిస్తారో," అన్నాడు.

"పుస్తకంలోనే కదా?"

"పుస్తకంలోనే. బయట ఎవరూ నన్ను దర్యాప్తుకి పిలవరు."

ఆమె నవ్వలేదు. అతను వెళ్ళాక నవ్వింది. బాబాయి చూశాడు. చూడనట్టు వార్తాపత్రిక తిప్పాడు.

ఆ నెలలోనే పైనుంచి ఉత్తర్వు వచ్చింది. హాలులో సగం కంప్యూటర్లకి ఇచ్చేస్తారు. పుస్తకాలు సగం పోవాలి. ఉత్తర్వులో ఆ పనికి రాసిన మాట 'వీడింగ్'. లైబ్రరీ చదువులో ఆమె నేర్చుకున్న మాటే. అప్పుడది పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. ఇప్పుడు పొద్దున్నించి సాయంత్రం దాకా పుస్తకం తీయడం, మొదటి పేజీ మీద 'తొలగించినది' అని ముద్ర కొట్టడం, పెట్టెలో పడేయడం. మూడో రోజుకి కుడి మణికట్టు వాచింది.

గునపం పెట్టెలు చూశాడు.

"ఏం చేస్తున్నారు?"

"వీడింగ్."

"మీరు కూడానా? మా దాంట్లోనూ అదే మాట. కాగితాల్లో అలాగే రాస్తారు. కలుపు తీత అంటే బిల్లు పాస్ కాదు."

"మీకైనా అందులో తృప్తి ఉంటుందేమో. మడి శుభ్రపడుతుంది."

"ఏం తృప్తి మేడమ్. చిన్నప్పుడు మా నాన్న సాయంత్రం అడిగేవాడు, పొద్దున్నించి ఏం పీకావురా అని. నిజమే చెప్పేవాణ్ణి. అయినా తిట్టినట్టే ఉండేది."

ఈసారి ఆమె అతని ముందే నవ్వింది. అతను ఆగి చూశాడు. ఆ చూపుకి ఆమె ముద్ర తలకిందులుగా కొట్టింది.

"ఏది తీసేయాలో మీకెలా తెలుస్తుంది?" అన్నాడు.

"అయిదేళ్ళుగా ఎవరూ అడగనిది. మీకు?"

"నేను నాటనిది."

అతను వెళ్ళిపోయాక ఆమె తన మాటనే మళ్ళీ అనుకుంది. ఎవరూ అడగనిది.

ఆమె ఉండేది అన్నయ్య ఇంట్లో. ముప్పై అయిదేళ్ళు. పదేళ్ళ కిందట ఒకతను పెళ్ళికి ఒప్పుకున్నాడు. తారీఖు దగ్గర పడ్డాక వద్దన్నాడు. ఆ ముక్క తను వచ్చి చెప్పలేదు, వేరేవాళ్ళతో చెప్పించాడు. ఆమె అతన్ని క్షమించలేదు. క్షమించాల్సిన పనీ లేదు. అప్పటినుంచి ఎవరేం అడిగినా ఆమె నోటివెంట వచ్చే జవాబు ఒకటే. చూద్దాం.

ఆ సాయంత్రం వదిన టీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. వదిన చెడ్డది కాదు. మంచిది అనడానికీ మనసొప్పదు.

"పిల్లాడు పెద్ద క్లాసుకి వచ్చాడు కదా. వాడికో గది ఉంటే బాగుంటుందని మీ అన్నయ్య అంటున్నారు."

"అన్నయ్య అంటున్నాడా?"

"ఇద్దరం అనుకున్నాం. నువ్వెటూ పగలంతా లైబ్రరీలోనే ఉంటావు. పడుకోవడానికి హాలు సరిపోతుంది. ఆ మంచం కింద నీ సామాను..."

"చూద్దాం వదినా."

"చూద్దాం అంటే ఎప్పుడు?"

ఆమె టీ తాగేసి గ్లాసు కడిగి బోర్లించింది. తన మీద ముద్ర ఒక్కటే కొట్టలేదు. మిగతాదంతా పద్ధతిగానే జరుగుతోంది.

మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ వాన. గునపం బూట్లు వేసుకుంటూ వరండాలో ఆలస్యం చేశాడు. ఒక తాడు ముడి వేశాడు, విప్పాడు, మళ్ళీ వేశాడు. ఆమె పెట్టెలు తడవకుండా లోపలికి జరుపుతోంది.

"మేడమ్."

"ఊఁ."

"మీరు లోపల ఒక్కరే తింటారు. నేను మెట్ల మీద ఒక్కణ్ణే తింటాను. రేపటినుంచి కలిసి తిందామా?"

చూరు నీళ్ళు వరండా అంచున కారుతున్నాయి. అతను బూటు తాడు వైపే చూస్తూ, "ఊరికే డబ్బా గురించి కాదు అడుగుతున్నది. అది మీకు అర్థమై ఉంటుంది," అన్నాడు.

అర్థమైంది. ఒప్పుకుందామని నోరు తెరిచింది.

"చూద్దాం," అని వచ్చింది.

అతను తల ఊపి వానలోకి వెళ్ళిపోయాడు.

ఆ మాట అన్నందుకు ఆమె ఇంటికి నడిచినంత సేపూ తనని తాను తిట్టుకుంది. తెల్లవారి వదిన లేవకముందే లేచి రెండు డబ్బాలు సర్దింది. రెండోది ఎవరికని వదిన అడిగితే చెప్పడానికి ఒక అబద్ధం కూడా సిద్ధం చేసుకుంది. వదిన అడగలేదు. ఆ ఇంట్లో ఆమెని ఎవరూ ఏదీ అడగరు.

లైబ్రరీకి పెందలాడే వచ్చింది. మధ్యాహ్నం పని అడ్డు రాకూడదని ఆ రోజు వంతు పొద్దున్నే ముగించాలనుకుంది. ఆ రోజు వంతు డిటెక్టివ్ నవలలు. అయిదేళ్ళుగా కదల్లేదని కంప్యూటర్ చూపించినవన్నీ చకచకా తీసింది. వేటిని చూసీ ఆగలేదు. మనసంతా భోజనం వేళ మీద ఉంది. ముద్ర కొట్టింది, పెట్టెల్లో పడేసింది. పాత కాగితాల బండి వచ్చి ఎత్తుకుపోయింది.

గునపం వేళకే వచ్చాడు. బూట్లు విప్పాడు. ఆమె డబ్బాలు రెండూ బల్ల మీద పెట్టి, జుట్టు సవరించుకుంది. అతను మామూలుగానే ముందు చివరి అరల వైపు వెళ్ళాడు. అరల కింద అతని పాదాలు ఆగాయి. చాలాసేపు ఆగాయి. కొత్త మేజోళ్ళు తొడుక్కొచ్చాడు.

తర్వాత ఆ పాదాలు వెనక్కి తిరిగాయి. అతను ఆమె వైపు చూడకుండా గుమ్మం దాటి, బూట్లు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆమె కదలకుండా కూర్చుంది. మళ్ళీ వస్తాడేమోనని సాయంత్రం దాకా చూసింది. రాలేదు. రెండు డబ్బాలూ తెరవకుండానే చెత్తబుట్టలో ఒంపింది.

మర్నాటినుంచి తోట పనికి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. అతను రాలేదు. వారం గడిచింది. ఆమె కారణం వెతకలేదు. కారణం ఆమెకి పదేళ్ళుగా తెలుసు. మగాళ్ళు అడుగుతారు, తర్వాత ఆలోచించుకుంటారు, తర్వాత రారు. ఈసారి కబురు కూడా లేదు. ముద్ర కొట్టే చెయ్యి ఇంకా వేగంగా ఆడింది.

"నెమ్మదిగా కొట్టమ్మా, పుస్తకాలకి దెబ్బ తగులుతుంది," అన్నాడు బాబాయి.

"పోయేవాటికి దెబ్బేంటి?"

"పోయేవాటికే తగలాలా?" ఆయన వార్తాపత్రిక మడిచాడు. "ఆ గునపం ఎందుకు రావడం లేదు?"

"నాకేం తెలుసు. వాన తగ్గింది, రావడం తగ్గింది."

"వానకి వచ్చేవాడైతే ఎండ కాసిన రోజు కూడా వచ్చి పుస్తకం ఎందుకు చదువుతాడు? ఆ ఓడ కథ. కెప్టెన్‌కి ఎవరో విషం పెడతారే, మూడు భాగాలు. రెండు పూర్తిచేసి మూడోదాంట్లో ఉన్నాడు. రోజూ నా పక్కనుంచి పోతూ, బాబాయ్, ఎవరు చంపారో చెప్పావో జాగ్రత్త, అనేవాడు."

ఆమె చెయ్యి ఆగింది.

"ఆ మూడు భాగాలూ అయిదేళ్ళుగా కదల్లేదు బాబాయ్. కంప్యూటర్లో ఖాళీగా ఉంది."

"ఎందుకు కదలవు? రోజూ చదివాడు."

"చదివితే బల్ల మీద ఉండాలి కదా?"

బల్ల బల్లకీ ఒక నోటీసు అంటించి ఉంటుంది. చదివిన పుస్తకాన్ని బల్ల మీదే వదలండి, అరలో పెట్టకండి. శుభ్రత కోసమని జనం అనుకుంటారు. అది కాదు. సాయంత్రం లైబ్రేరియన్ చిన్న బండి తోసుకుంటూ బల్లల మీద మిగిలినవి ఏరుతుంది. ఒక్కొక్కదాన్నీ మెషీన్‌కి చూపించి కంప్యూటర్లో లెక్క ఎక్కిస్తుంది. ఇంటికి తీసుకెళ్ళకుండా ఇక్కడే కూర్చుని చదివిన పుస్తకానికి ఉన్న సాక్ష్యం అదొక్కటే. ఎవరైనా అరలో పెట్టేస్తే, ఆ పుస్తకం చదివినట్టు ఎక్కడా ఉండదు.

"వాడు బల్ల మీద వదిలేవాడు కాదమ్మా. అరలోనే పెట్టేవాడు, ఎక్కడ తీశాడో సరిగ్గా అక్కడే. నోటీసు ఉందయ్యా అన్నాను ఒకసారి. మేడమ్‌కి ఒకటి తగ్గుతుంది కదా బాబాయ్, అన్నాడు."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెప్తే వాణ్ణి తిడతావు. నీకు ఒకటి తగ్గేది కూడా పోతుంది."

ఆమె ముద్ర బల్ల మీద పెట్టి లేచింది. ఉద్యోగంలో మొదటిసారి, పని ఉండగా బయటికి నడిచింది.

పాత కాగితాల గోదాము ఊరి చివర ఉంది. లోపల పుస్తకాలు కుప్పలుగా పడి ఉన్నాయి. ఇద్దరు మనుషులు కూర్చుని అట్టలు చించుతున్నారు. అట్ట ఒక పక్కకి, కాగితం ఒక పక్కకి.

"మీరే పంపి, మీరే వెతుక్కుంటున్నారా మేడమ్?" అన్నాడు గోదాము యజమాని.

"అవును."

"మరి పంపడం ఎందుకు?"

ఆమె కుప్ప ముందు కూర్చుంది. అట్టలు పోయాక పుస్తకాలన్నీ ఒకేలా ఉన్నాయి. మొదటి పేజీలు తిప్పుతూ పోయింది. ప్రతి పేజీ మీదా తన ముద్రే. ఇన్ని కొట్టానా అనిపించింది. దుమ్ము గొంతులోకి పోయింది. మొదటి రెండు భాగాలు దొరకలేదు. సాయంత్రం కావస్తుండగా మూడోది దొరికింది.

అతని మొక్కల నర్సరీ అడ్రసు ఆమె లైబ్రరీ గుమ్మం దాటుతున్నప్పుడే బాబాయి చెప్పాడు. రేకుల షెడ్డు. గునపం ముక్కాలిపీట మీద కూర్చుని నల్ల సంచుల్లో మట్టి నింపుతున్నాడు. ఆమెని చూసి లేచాడు. సంచి పడిపోయింది.

"మేడమ్. మీరా."

ఆమె పుస్తకాన్ని మొక్కల బల్ల మీద పెట్టింది. "ఇది మీరు చదువుతున్నదేనా?"

అతను చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. పేజీలు తిప్పాడు. "దీని అట్టలేవి?"

"చించేశారు."

"ఇక్కడ ఆగాను." మధ్యలో ఒక పేజీ దగ్గర వేలు పెట్టాడు. "నాకు వంటవాడి మీద అనుమానం. మొహం అలా పెట్టకండి, తెలిసిపోతుంది."

"రావడం ఎందుకు మానేశారు?"

"మీరు చెప్పారుగా."

"నేనేం చెప్పాను?"

"ముందురోజు చూద్దాం అన్నారు. మర్నాడు వచ్చేసరికి అర ఖాళీ. మీకు మాటలు పొదుపు. నోటితో వద్దనడం ఇష్టంలేక ఇలా చెప్పారనుకున్నాను."

"మీ ఒక్కరికి వద్దని చెప్పడానికి అరంతా ఖాళీ చేసి పెట్టెలు మోస్తానా?"

"మీరు మోసేటట్టే ఉంటారు."

ఆమెకి నవ్వొచ్చింది. కోపం కూడా వచ్చింది. రెండూ ఒకేసారి రావడంతో దగ్గు పట్టుకుంది. అతను నీళ్ళు తెచ్చి ఇచ్చి, ముక్కాలిపీట జరిపాడు. ఆమె కూర్చుంది.

"నోటీసు చదవలేదా మీరు?"

"చదివాను."

"మరి అరలో ఎందుకు పెట్టారు?"

అతను పడిపోయిన సంచి ఎత్తి నిలబెట్టాడు. "సాయంత్రాలు నేను మొక్కలకి నీళ్ళు పెట్టేటప్పుడు మీరు ఆ బండి తోస్తూ కనిపించేవారు. మధ్యలో ఆగి మణికట్టు పట్టుకునేవారు. నా పుస్తకం కూడా ఎందుకు మోయించాలి అనుకున్నాను."

"బల్ల మీద వదిలి ఉంటే నేను దాన్ని తీసేదాన్ని కాదు."

"వదిలి ఉంటే మీరు మోసేవారు."

ఎవరూ అడగనిది అనుకుంటూ తను ముద్ర కొట్టిన పుస్తకాన్ని ఒకడు రోజూ చదివాడు. చదివిన ఆనవాలు మిగలకుండా జాగ్రత్తపడ్డాడు. అదీ తనకి పని తగ్గించాలని. ఇలాంటి తెలివితక్కువ పని తన కోసం ఇంకెవరూ చేయలేదు.

"ఆ రోజు రెండు డబ్బాలు తెచ్చాను," అంది.

"రెండా?"

"మీరు వెనక్కి చూసి ఉంటే కనిపించేవి. సాయంత్రం రెండూ పారబోశాను."

అతని మొహం వాడిపోయింది. "క్షమించండి."

"క్షమించను. రేపు మీరు తీసుకురండి. ఇద్దరికీ."

"తెస్తాను."

"బాగా వండటం వచ్చా?"

"రాదు. నాలుగేళ్ళుగా నా వంట నేనే తింటున్నాను, ఇంకా బతికే ఉన్నాను. అంతవరకే చెప్పగలను."

అతని భార్య పోయిందని ఆమె బాబాయి ద్వారా వినే ఉంది. అతను ఎప్పుడూ చెప్పలేదు, ఆమె ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అతనే చెప్పాడు, పుస్తకం వైపు చూస్తూ.

"ఆవిడ పోయిన వారానికే చుట్టాలు దిగి బీరువా ఖాళీ చేశారు. నేను మొక్కల పని మీద వెళ్ళి వచ్చేసరికి బట్టలన్నీ పంచుకుపోయారు. చూస్తే బాధపడతావని తీసేశాం అన్నారు, నాకేదో మేలు చేసినట్టు. వాళ్ళతో ఇప్పటికీ మాట్లాడను."

"మాట్లాడకండి," అంది ఆమె.

అతను ఆశ్చర్యంగా చూశాడు. అంతవరకు ఆ సంగతి విన్నవాళ్ళంతా పోనీలే అన్నవాళ్ళే.

"ఈ పుస్తకం మళ్ళీ లైబ్రరీలో పెట్టడానికి వీల్లేదు," అంది. "ఒకసారి ముద్ర పడితే తిరిగి తీసుకోరు. మా ఇంట్లో నాకే మంచం కింద చోటు చూస్తున్నారు."

"నా బీరువా ఖాళీగానే ఉంది."

"ఒక్క పుస్తకానికి అంత పెద్ద బీరువా ఎందుకు?"

అతను తల వంచుకుని ముందున్న సంచిలో మట్టి అదిమాడు. అప్పటికే అదిమిన మట్టే అది.

"మీరే చెప్పండి, ఎందుకో."

ఆమె చూద్దాం అనలేదు.

"నా బట్టలు కూడా ఎక్కువేం ఉండవు," అంది.

షెడ్డు రేకుల మీద వాన మొదలైంది. మొదట విడివిడి చినుకులు, తర్వాత ఒకటే మోత. చీకటి పడుతోంది. ఇంట్లో వదిన ఎదురుచూస్తూ ఉండదు, అయినా అలవాటుకొద్దీ ఆమె లేవబోయింది. సగం లేచి, మళ్ళీ కూర్చుంది.

"ఏమైంది?" అన్నాడతను.

"కాళ్ళు నొప్పి పుడుతున్నాయి. ఇవాళ చాలా దూరం నడిచాను. చెయ్యి కూడా నొప్పిగా ఉంది."

చెప్పాక ఆమెకే వింతగా అనిపించింది. నొప్పి ఉందని ఒక మనిషికి చెప్పి ఎన్నేళ్ళయిందో.

"కూర్చోండి," అన్నాడతను. "వాన తగ్గాక ఇద్దరం కలిసి వెళ్ళి మీ అన్నయ్యకి చెబుదాం."